సారిబెల్‌లో మొదట దిగినవాడు

సాగినాలి తాత లెక్కలో మనుషులు రెండే రకాలు. మొదటి నుంచీ ఉన్నవాళ్లు, తర్వాత వచ్చినవాళ్లు. మొదటి నుంచీ ఉన్నది ఆయన. తర్వాత వచ్చింది మిగతా ప్రపంచం.

నేను తలాస్ నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు, ముఖం మీది ముసుగైనా తీయకముందే ఆయన మా గుమ్మంలో ప్రత్యక్షమై నా ఏడు తరాల తాతల పేర్లు అడిగాడు. అయిదో తాత దగ్గర నాకు నాలుక మడత పడింది. నేను బిష్కెక్‌లో భూగర్భశాస్త్రం చదివానని, ఊరి బడిలో భూగోళం చెప్పబోతున్నానని ఆయనకు అప్పటికే ఎవరో చెప్పారు. "సొంత తాత పేరు తెలీని పిల్ల రాళ్ల వయసు చెబుతుందట!" అని సాయంత్రానికల్లా ఊరంతా చాటి వచ్చాడు.

ఇంతా చేసి ఆయన పుట్టింది వలసదారిలో. గుడారాలు విప్పి ఒంటెల మీద కట్టుకుని ఊరు ఊరంతా కొండెక్కుతుంటే, వాళ్లమ్మ కనుమ దగ్గర ఒంటె దిగి ఆయన్ని కని, మళ్లీ ఒంటె ఎక్కిందట. దారిలో పుట్టినవాడివి నువ్వెలా స్థానికుడివి అని ఎవరైనా అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "దారి కూడా మాదేగా!"

కుర్రతనంలో సమష్టి క్షేత్రంలో ట్రాక్టరు నడిపాడు. తర్వాత కొండల్లో ఖనిజాల కోసం తిరిగే ప్రభుత్వ బృందానికి లారీ డ్రైవరయ్యాడు. వాళ్లు రాళ్లు పగలగొడుతుంటే ఈయన స్టీరింగు మీద తల వాల్చి నిద్రపోయేవాడని బత్మా అమ్మమ్మ, అంటే ఆయన భార్య, చెబుతుంది. ఆ నిద్రలోనే రాళ్ల శాస్త్రమంతా తనకు పట్టుబడిందని ఆయన నమ్మకం. దేశం విడిపోయాక బృందం లేదు, జీతం లేదు. లారీ మాత్రం ఆయన పెరట్లోకి వచ్చి ఆగిపోయింది, ఇప్పుడు దాని క్యాబిన్‌లో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. క్షేత్రం పంపకాల్లో తన వాటాకు వచ్చిన గొర్రెలన్నీ ఇచ్చేసి గుర్రాలు తీసుకున్నాడు. పిచ్చివాడన్నారు. ఆ గుర్రాల పాలు పులియబెట్టి బత్మా అమ్మమ్మ చేసే కుమిస్ కోసం ఇవాళ ఆత్‌బాషీ పట్నం నుంచి కార్లు వస్తాయి.

పాలిచ్చే తల్లివి, తాగు అని నాకూ ఒక సీసా పంపారు. మా సెజిమ్‌కి అప్పుడు నాలుగో నెల. పులిసినదాంట్లో ఏ సూక్ష్మజీవి ఉందో, అది నా పాలలోంచి పిల్లకు చేరితే ఏమవుతుందోనని రెండు రోజులు ఆలోచించి, చివరికి దాన్ని పొయ్యి మీద పెట్టి కాచాను. కుమిస్‌ని కాచిన కోడలిగా నా పేరు ఈ లోయలో శాశ్వతంగా నిలిచిపోయింది. సాగినాలి తాత ఆ సంగతిని చావు ఇళ్లలో కూడా చెబుతాడు, ఏడ్చేవాళ్లు కాసేపు తేరుకుంటారని.

ఆ కుమిస్‌కి ఆధారం సారిబెల్ పచ్చిక. ఊరికి పైన, వాగుకు ఉత్తరపు ఒడ్డున, వేసవి నాలుగు నెలలూ ఆయన గుడారం అక్కడే. ఏటా గుడారం పాతే చోట నేల మీద గుండ్రంగా గడ్డి చచ్చి ఉంటుంది. అది తన తాత తాత వేసిన గుండ్రమని, గడ్డికి కూడా తెలుసునని అంటాడు. ఆయన ఆడగుర్రాలకు విశాలంగా గడ్డి కావాలి. గొర్రెలు వచ్చి మొదలంటా కొరికేస్తే గుర్రాలు పాలు తగ్గిస్తాయి, పాలు తగ్గితే కుమిస్ లేదు, కుమిస్ లేకపోతే సాగినాలి తాత ఒక పాత లారీకి యజమాని మాత్రమే.

మొన్న వసంతంలో వచ్చిన వరద, దక్షిణపు ఒడ్డు వాళ్ల వైపున్న పిల్లవాగు మీది వంతెనను ఎత్తుకుపోయింది. వంతెన అవతలే వాళ్ల పచ్చిక. ఈ ఒక్క వేసవికి మా గొర్రెల్ని సారిబెల్‌కి తోలుకుంటామని వాళ్లు పచ్చికల సంఘాన్ని అడిగారు. ఒక్క వేసవి అంటే ఎన్ని వేసవులో మా లోయలో పసిపిల్లలకీ తెలుసు. వాళ్ల తరఫున మాట్లాడేది బురుల్చా పెద్దమ్మ. ఆమె వితంతువు, ఒకప్పుడు క్షేత్రంలో పాలు పితికి పతకాలు తెచ్చుకున్న మనిషి. ఆ పతకాలు ఇప్పుడు మేకపోతు మెడలో గలగలలాడుతుంటాయి. ఆమె నోటికి జడిసి తోడేళ్లు కూడా దక్షిణపు ఒడ్డుకి దిగవంటారు.

"వాళ్లు వచ్చినవాళ్లు," అన్నాడు సాగినాలి తాత. "వాళ్ల తాత చైనా వైపు నుంచి కనుమ దాటి ఒక్క ఒంటెతో దిగాడు."

"అదే ఒంటె తోక పట్టుకుని మీ తాతా దిగాడు," అని బురుల్చా పెద్దమ్మ బజారులో అందరికీ వినబడేలా అంది. "ఒంటెనడిగితే చెబుతుంది."

ఒంటె బతికి లేదు. అందుకని సాగినాలి తాత అంతకంటే పాత సాక్షి కోసం వెతికి, నిరుడు వేసవి సంగతి గుర్తు తెచ్చుకున్నాడు.

నిరుడు వేసవిలో చోల్పోనై అనే శాస్త్రవేత్త రాజధాని నుంచి సారిబెల్‌కి వచ్చింది. చదువులో నాకంటే పెద్దది, కాబట్టి చంటిదాన్ని ఎత్తుకుని నేనూ పలకరించడానికి వెళ్లాను. గుడారంలోకి అడుగు పెడుతూనే ఆమె మోకాళ్ల మీద కూలబడింది. ఎండ దెబ్బేమోనని బత్మా అమ్మమ్మ నీళ్లు తెచ్చింది. ఎండ దెబ్బ కాదు. కురుత్ అనే ఎండు పెరుగు ఉండలు చేయడానికి పెరుగుమూట మీద బరువుగా పెట్టిన రాయిని చూసి ఆమె అలా అయిపోయింది. పచ్చటి రాయి, నిండా ఎర్రటి గింజలు.

"అమ్మమ్మా, ఇదేమిటో తెలుసా మీకు? ఇది ఒకప్పటి సముద్రం అడుగు. పక్కనున్న నేల కిందికి దిగిపోయి, కొండంత కాదు, పది కొండల లోతుకు పోయి, అక్కడ నలిగి నలిగి ఈ ఎర్ర గింజలు కట్టి, మళ్లీ పైకొచ్చింది!"

"వచ్చి మా పెరుగు వడగడుతోంది," అంది బత్మా అమ్మమ్మ. "కావాలంటే తీసుకుపో తల్లీ. ఇంతే బరువుది ఇంకోటి చూసిపెట్టి మరీ పో."

టీ తాగుతూ చోల్పోనై మేం కూర్చున్న షిర్దక్ మీద వేలు పెట్టి అంతా విడమరిచింది. ఈ ఉన్ని తివాచీ ఒక్క ముక్క కాదు కదా, ముక్కలు కోసి అతుకు వేసి, అతుకు మీద తాడు కుట్టారు కదా, ఈ కొండలూ అంతే. ముప్పై కోట్ల ఏళ్లకు పైమాట. ఉత్తరాన ఒక నేల, దక్షిణాన ఒక నేల, మధ్య సముద్రం. సముద్రం అడుగు ఉత్తరపు నేల కిందికి జారుతూ పోయింది. దాని మీదున్న బురద, గవ్వల పొర, దీవుల తునకలు మాత్రం లోపలికి పోలేక అంచు దగ్గర పోగుపడ్డాయి, రొట్టెల పీటను కత్తితో గీకితే పిండంతా కత్తి ముందు పోగుపడినట్టు. సముద్రం అయిపోయాక దక్షిణపు నేల వచ్చి తగిలింది. ఆ అతుకు వాగు వెంటే ఉంది. ఆ పాత కొండలు అరిగి చదునైపోయాక, ఎక్కడో దక్షిణాన హిందూస్థాన్ నేల వచ్చి గుద్దడంతో ఇవి మళ్లీ లేచాయి. ఎత్తు కొత్తది, అతుకు పాతది.

"మా గురువుగారు మాత్రం సముద్రం దక్షిణం వైపు కిందికి దిగిందంటారు," అని కూడా చెప్పింది. "అందుకే మేమిద్దరం ఒకే జీపులో రాం."

ఇదంతా విని సాగినాలి తాత ఒకే ఒక్క ముక్క పట్టుకున్నాడు.

"దక్షిణపు ఒడ్డు ఎక్కడి నుంచో వచ్చింది... మళ్లీ చెప్పమ్మా."

ఆమె చెప్పింది. ఆయన కుమిస్ గిన్నె నిండా పోశాడు, మళ్లీ చెప్పించుకున్నాడు. వెళ్లేటప్పుడు ఆమె దగ్గరున్న రాళ్ల పటాన్ని ఫోనులో ఫొటో తీయించుకున్నాడు. ఏడు తరాలు మాత్రమే చదవగలిగిన మనిషికి ముప్పై కోట్ల ఏళ్ల వంశావళి దొరికింది. పటంలో రంగులుంటాయని, రంగు మారితే వంశం మారినట్టేనని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇప్పుడు ఆ ఫొటోను ఆత్‌బాషీ ఫొటో స్టూడియోలో తలుపంత పెద్దది చేయించి, చుట్టి చంకన పెట్టుకుని సంఘం సమావేశానికి వచ్చాడు. సమావేశం ఊరి సాంస్కృతిక భవనంలో. సంఘం అధ్యక్షుడు జోల్చుబెక్ మంచివాడే, కానీ కరెంటు పోయేలోపు ఇంటికెళ్లాలన్నది తప్ప ఏ విషయంలోనూ ఆయనకు స్థిరమైన అభిప్రాయం లేదు.

పటం గోడకు కొట్టారు. స్టూడియోవాడి దయవల్ల రంగులు కాస్త మారి, ఉత్తరపు ఒడ్డు గులాబీగా, దక్షిణపు ఒడ్డు నీరసపు ఆకుపచ్చగా, రోగిష్ఠి ముఖంలా వచ్చింది.

"చూడండి!" అన్నాడు సాగినాలి తాత. "ఇది నేను గీసింది కాదు. రాజధానిలో గీసింది. ఈ గులాబీ మేం. ఆ ఆకుపచ్చ వాళ్లు. వాళ్ల ఒడ్డు, దాని మీది రాయి, రాయి మీది గొర్రె, అన్నీ సముద్రం అవతల నుంచి కొట్టుకొచ్చినవే. నమ్మకపోతే మన కోడల్ని అడగండి. కుమిస్‌ని కాస్తే కాచింది గానీ, చదువుకున్న పిల్ల."

నన్ను లేపారు. సెజిమ్‌కి పళ్లు వస్తున్నాయి, దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటోంది. దాన్ని చంకనేసుకుని పటం దగ్గరికి వెళ్లాను.

"దక్షిణపు నేల వేరే చోటి నుంచి వచ్చిందన్నది నిజమే," అన్నాను. "కానీ తాతా, నేల వచ్చినప్పుడు మనుషులు లేరు. చేపలున్నాయి."

"ఎవరి చేపలు?" అన్నాడాయన వెంటనే.

ఈ లోపల పటం కింది మూల చప్పుడైంది. చూసేసరికి దక్షిణపు నేలలో అరచేతంత మేర సెజిమ్ నోట్లోకి దిగిపోయింది. సిరాలో ఏముందో, సీసముందేమోనని దాని దవడ నొక్కి నోరు తెరిపించాను. వేలు పెట్టి ముక్కలు లాగుతుంటే సభంతా నవ్వింది.

"అదిగో, చంటిపిల్లకి కూడా తెలుసు ఆ ఒడ్డు ఎటు పోవాలో!" అన్నాడు సాగినాలి తాత.

అప్పుడు బురుల్చా పెద్దమ్మ లేచింది. తిట్ల వాన కురుస్తుందని అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఆమె గొంతు మాత్రం పేరంటానికి పిలిచినంత మెత్తగా ఉంది.

"సరేనయ్యా సాగినాలీ. నువ్వు చెప్పిందే ఖాయం. మేం వచ్చినవాళ్లమే. మీరు ఉన్నవాళ్లే. అధ్యక్షా, రాసుకో."

జోల్చుబెక్ ఆనందంగా కలం తీశాడు. సాగినాలి తాతకు ఏదో అనుమానం వచ్చి గడ్డం గోక్కున్నాడు.

"వచ్చి ముప్పై కోట్ల ఏళ్లయింది," అంది ఆమె. "మరి మా ఎరులుక్ ఏదయ్యా?"



పచ్చికలో కొత్తగా గుడారం దించినవాళ్ల పొయ్యి రాజుకునేలోపు, ముందు నుంచీ ఉన్నవాళ్లు గొర్రెను కోసి, వాళ్లను పిలిచి, పైచోటున కూర్చోబెట్టి తినిపించాలి. అదే ఎరులుక్. ఒకసారి తినిపించాక వాళ్లు పొరుగువాళ్లు. పొరుగువాడి మందను అదిలించడమంటే సొంత తండ్రి గుర్రాన్ని కొట్టడమే. ఈ మాటలు నావి కావు. ప్రతి విందులోనూ లేచి నిలబడి సాగినాలి తాత చెప్పేవి. మూడేళ్ల కిందట ఎరులుక్ ఎగ్గొట్టిన ఒక కుర్ర కాపరి చేత ఊరందరి ముందు టోపీ తీయించింది ఆయనే.

"ముప్పై కోట్ల ఏళ్ల నుంచీ ఆకలితో కూర్చున్నాం," అంది బురుల్చా పెద్దమ్మ, కొంగుతో కళ్లొత్తుకుంటూ. "పసిపిల్లలు, ముసలివాళ్లు, అంత దూరం సముద్రంలో కొట్టుకొచ్చారు. ఒక్కరైనా ఒక చెంచా పులుసు పోశారా?"

"పోయలేదు!" అన్నారు వెనక నుంచి దక్షిణపు ఒడ్డువాళ్లు.

"ఇదేనా మీ ఏడు తరాల పరువు?"

సాగినాలి తాత నా వైపు తిరిగాడు. ఆ ముఖంలో నేను ఎప్పుడూ చూడనిది ఒకటి కనిపించింది. విద్య పట్ల గౌరవం.

"కోడలా, తల్లీ, మా వైపు నేల కూడా కదిలిందా ఎప్పుడైనా?"

"కదిలింది తాతా. ఊరికే నిలబడ్డ నేల అంటూ ఎక్కడా లేదు. మీ గులాబీ రంగు కూడా అంతకుముందు ఎక్కడెక్కడివో ముక్కలు అతుక్కున్నదే."

"విన్నారా!" అని ఆయన అరిచాడు. "మేమూ వచ్చినవాళ్లమే! ఆ చోల్పోనై గురువుగారు ఏమన్నాడు? సముద్రం దక్షిణం కిందికే దిగిందన్నాడు. అంటే దక్షిణం వాళ్లు కూర్చున్న చోటే కూర్చున్నారు, మేం పాపం వెళ్లి తగిలాం. గొర్రె వాళ్లు కోయాలి! పెద్దాయన చెప్పినదానికి విలువుండాలా వద్దా?"

"నిన్నటిదాకా ఆ పెద్దాయనకి మతి పోయిందన్నావుగా?" అంది బురుల్చా పెద్దమ్మ.

"మతి పోయినా పెద్దవాడు పెద్దవాడే!"

ఇక చూడాలి. నా పెళ్లి నాటి నుంచీ నేను విన్నదంతా ఎవరు ముందు అన్న తగవే. ఆ సాయంత్రం మొదటిసారి ఎవరు తర్వాత అన్న తగవు మొదలైంది. ఉత్తరపు ఒడ్డువాళ్లు తాము సైబీరియా అంచు నుంచి తేలుతూ వచ్చామన్నారు. దక్షిణపు ఒడ్డువాళ్లు తాము భూమధ్యరేఖ దగ్గర్నుంచి వచ్చామని, అక్కడ ఎండకు పడ్డ అగచాట్లు చెప్పనలవి కాదని అన్నారు. మూలన కూర్చున్న ఒకాయన తమ పెరటి రాయి ఏ ఒడ్డుదీ కాదని, నడిసముద్రంలో దీవి అని, కాబట్టి తనకు ఇద్దరూ పెట్టాలని అడిగాడు. శాస్త్రం మా లోయలో అంత వేగంగా వ్యాపించడం నేను మళ్లీ చూడలేదు. నా విద్యార్థులకు రెండేళ్లుగా ఎక్కని పాఠం వాళ్ల తాతలకు ఒక గొర్రె మీద ఎక్కేసింది.

జోల్చుబెక్ దీపం వైపు చూస్తున్నాడు.

అప్పుడు ఆడవాళ్ల బల్ల మీంచి బత్మా అమ్మమ్మ మాట్లాడింది. ఆమె సభలో మాట్లాడగా ఎవరూ విని ఉండరు.

"ముసలాడా, ఒక మాట. మనం వచ్చినవాళ్లమైతే సారిబెల్‌లో మొదట దిగింది వాళ్లన్నమాట. ఈ వేసవి మన గుడారం ఎక్కడ వేయాలో బురుల్చానడిగి వేసుకోవాలి. గుర్రాల గుంజలు ఎక్కడ పాతాలో కూడా ఆవిణ్నే అడగాలి. నాకేం ఫరవాలేదు. నువ్వడుగుతావా, నన్నడగమంటావా?"

సాగినాలి తాత గోడ దగ్గరికి నడిచాడు. పటం వైపు చూశాడు. గులాబీ రంగు మీద, ఆయన గుడారం ఉండాల్సిన చోట, స్టూడియోవాడి బొటనవేలి ముద్ర పడి ఉంది.  గడ్డి ఒకవైపు, పేరు ఒకవైపు. గొర్రె కోస్తే వాళ్ల మంద వస్తుంది. కోయకపోతే తన గుండ్రంలో తనే అతిథి. నాకు ఆయన మీద మొదటిసారి జాలి కలిగింది. సెజిమ్‌కి రాత్రి దగ్గొస్తే ఏ మందు వేయాలో, వేయకూడదో తేలక నిలబడేటప్పుడు నా ముఖం కూడా అలాగే ఉంటుందనుకుంటాను.

చివరికి టోపీ సర్దుకున్నాడు.

"వచ్చినవాణ్నా నేను?" అన్నాడు, తనను ఎవరో తిట్టినట్టు. "ఎవడన్నాడా మాట? మా తాత తాత గుండ్రం ఉందక్కడ. సారిబెల్‌లో మొదట దిగినవాళ్లం మేం. గొర్రె నేనే కోస్తాను. కోడలా, ఆ కాగితం పీకెయ్."

ఆయన మనసు మారేలోపు జోల్చుబెక్ రాసేసి సంతకాలు పెట్టించాడు. కరెంటు కూడా అప్పుడే పోయింది.

చీకట్లో బురుల్చా పెద్దమ్మ గొంతు వినిపించింది. ఇప్పుడందులో పేరంటం లేదు. "పచ్చిక మధ్యలో ఊట దాటి పైకి మా గొర్రెలు రావు సాగినాలీ. పాలు పితికే రోజులు అయ్యేదాకా పై గడ్డి నీ గుర్రాలదే. పొరుగు పొరుగులాగే ఉంటాం."

"ఉండక చస్తారా? ఉప్పు తినబోతున్నారుగా," అన్నాడాయన.

వేసవి మొదట్లో మేమూ పైకి వెళ్లాం. కొండగాలికి దగ్గు వస్తుందని సెజిమ్‌కి మూడు చొక్కాలు తొడిగి, మరీ వేడెక్కితే జ్వరం వస్తుందని రెండు విప్పి, మళ్లీ ఒకటి తొడిగాను. దక్షిణపు ఒడ్డువాళ్లు ఊటకు దిగువన గుడారాలు దించారు. వాళ్ల పొయ్యిలోంచి పొగ లేవకముందే సాగినాలి తాత గుర్రమెక్కి స్వయంగా వెళ్లి పిలిచాడు. కోసింది బక్క గొర్రె కాదు. బత్మా అమ్మమ్మ ఎంచి కొన్న గొర్రెను చూసి ఆయన గుడారం వెనక్కి వెళ్లి కాసేపు తనలో తాను మాట్లాడుకున్నాడని విన్నాను, కానీ వద్దనలేదు.

వాళ్లు షిర్దక్ మీద పైచోటున వరసగా కూర్చున్నారు. వాళ్లలో కొందరు చేతనైనంత ఆకలి నటించారు. చేతుల మీద నీళ్లు పోయడానికి కోడళ్లలో ఎవరమో లేవబోతే సాగినాలి తాత చెంబు లాక్కున్నాడు. ఇంటివాడి పని ఇంటివాడే చేయాలన్నాడు. భుజాన తువాలు వేసుకుని, వంగలేక వంగి, ముందు బురుల్చా పెద్దమ్మ దగ్గరికి వచ్చాడు. ఆమె తొందర లేకుండా చేతులు చాపింది. ఆయన పోశాడు.

ఆమె చేతులు వెనక్కి లాక్కుంది. "అబ్బ! ఏం నీళ్లయ్యా ఇవి, వేళ్లు కొరికేస్తున్నాయి!"

"ఇక్కడి నీళ్లు ఇంతే," అన్నాడు సాగినాలి తాత, ముఖంలో ఏ భావమూ లేకుండా ధార ఆపకుండా పోస్తూ. "కొత్తవాళ్లకి అలా ఉంటుంది. ఉండగా ఉండగా అలవాటవుతుందిలే."